బావ పొట్ట మీద కరెంటు బెల్టు

మొన్న పర్లాకిమిడిలో మా అక్కావాళ్ళింటికి వెళ్తే బావ వీధరుగు మీద కూచుని పొట్టకి నల్ల బెల్టొకటి కట్టుకుని ఉన్నాడు, ఏటి బావా నడుం నొప్పా అంటే కాదురా, నెల్లాళ్ళలో సిక్స్ ప్యాక్ వచ్చేస్తాదంట, ఆన్‌లైన్లో తెప్పించాను అన్నాడు. బటన్ నొక్కుతూ లెవెల్ పెంచుతున్నాడు, 6, 7, 8... చర్మం మీద చీమలు కుట్టినట్టు చురుక్కుమంటోందట గానీ పొట్ట మాత్రం కదిలితే ఒట్టు. అదే బెల్టు వాళ్ళబ్బాయి కట్టుకున్నాడు, ఇంటర్ చదువుతున్నాడు, చీపురుపుల్లలా ఉంటాడు, 3 దగ్గరే కండ టక్కుటక్కున బిగుసుకోడం మొదలెట్టింది, వాడికి నవ్వాగలేదు.

బెల్టు పాడవ్వలేదండీ, తేడా అంతా చర్మానికీ కండకీ మధ్యలో ఉన్న కొవ్వుది. కండలో నీళ్ళూ ఉప్పులూ ఎక్కువ కాబట్టి కరెంటు తేలిగ్గా పారుతుంది, కొవ్వులో నీళ్ళు తక్కువ, అంత తేలిగ్గా పోనివ్వదు. బావ కండ దాకా చేరేసరికి కరెంటు బలం అయిపోతోంది, లెవెల్ పెంచితే ముందు మండేది పైనున్న చర్మమే. అంటే పొట్ట ఉన్నోళ్ళే ఈ బెల్టు కొంటారు, పొట్ట ఉన్నోళ్ళకే అది సరిగ్గా పనిచెయ్యదు!

అలాగని కండ బిగుసుకోడం ఉత్తిదేం కాదు. ఇటలీలో గాల్వానీ అనే ఆయన 1780ల్లోనే చచ్చిన కప్ప కాలుకి కరెంటు తగిలిస్తే అది తన్నుకోడం చూశాడు, బెల్టులో జరిగేదీ అదే. మామూలుగా మెదడు నుంచి నరంలో సిగ్నల్ వస్తే కండ ముడుచుకుంటుంది, బెల్టేమో సెకనుకి పదుల సార్లు చిన్న చిన్న కరెంటు దెబ్బలు ఇస్తుంది, అది మెదడు పంపిందో బ్యాటరీ పంపిందో నరానికి అనవసరం. మోకాలి ఆపరేషన్ అయినవాళ్ళకి తొడ కండ కరిగిపోకుండా ఫిజియోథెరపీవాళ్ళు పెట్టేది కూడా ఇలాంటిదే.

2005లో అమెరికాలోని విస్కాన్సిన్–లా క్రాస్ యూనివర్సిటీవాళ్ళు వారానికి 5 రోజుల చొప్పున 8 వారాలు బెల్టు కట్టించి చూస్తే పొట్ట కండల బలం 58 శాతం పెరిగింది, నడుం చుట్టుకొలత కూడా మూడున్నర సెంటీమీటర్లు తగ్గింది. ఇది చెప్పగానే బావ చూశావా అని ఎగిరాడు, పూర్తిగా విను బావా అన్నాను, బరువు తగ్గలేదు, ఒంట్లో కొవ్వూ తగ్గలేదు. కండ బిగిస్తే పొట్ట కొంచెం లోపలికి పోయినట్టుంటుంది, అంతే. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీలు ఖర్చవ్వాలి, అరుగు మీద కూచుని అరగంట కండ అదిరిస్తే అది ఏ మూలకి? పైగా పొట్ట కండ పనిచేస్తే పొట్ట కొవ్వే కరగాలని రూలేం లేదు, శరీరం ఎక్కడి కొవ్వైనా తీసి రక్తంలో వదుల్తుంది. కసరత్తు లేకుండా పొట్ట కరుగుతుందని యాడ్స్ వేసిన బెల్టు కంపెనీల మీద 2002లోనే అమెరికా ప్రభుత్వం కేసులు పెట్టింది.

గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్ళూ గర్భిణులూ దీని జోలికి పోకూడదు. ఇంకోటి, బావ బెల్టు తిప్పి చూస్తే లోపలి జెల్ ప్యాడ్లు ఎండిపోయి వెంట్రుకలూ దుమ్మూ అంటుకుని ఉన్నాయి, అలా ఉంటే ప్యాడ్ సగమే ఒంటికి తగిలి కరెంటంతా ఆ కాస్త చోటే దిగుతుంది, చర్మం కాలుతుంది కూడా. బావ చొక్కా ఎత్తి చూపించాడు, బొడ్డు పక్కన రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చ.