ఎగ్ పఫ్ పొరల్లో ఏ కొవ్వు ఉంది?

సాయంత్రమైతే చాలు, జగదాంబ నుంచి గాజువాక దాకా విశాఖ బేకరీల్లో వేడివేడి ఎగ్ పఫ్‌ల ట్రేలు బయటికొస్తాయి. వేలు తగిలితే పైపొర పొడిపొడిగా రాలుతుంది. పిండిలో గట్టి కొవ్వు పరిచి, మడిచి, ఒత్తి, మళ్లీ మడిస్తేనే ఆ పొరలు విడివడతాయి. నూనె పోస్తే పిండిలోకి ఇంకిపోతుంది. వెన్న ఖరీదు, పైగా ఈ సముద్రపు ఉక్కలో ఇట్టే కరుగుతుంది. అందుకే నూనెను గట్టిపరిచి చేసే మార్జరిన్, వనస్పతి వాడతారు.

నూనెను గడ్డకట్టించే పద్ధతికి జర్మన్ రసాయన శాస్త్రవేత్త విల్హెల్మ్ నార్మన్ 1902లో పేటెంట్ దాఖలు చేశాడు. నికెల్ ఉత్ప్రేరకం సాయంతో నూనెకు హైడ్రోజన్ పట్టిస్తారు. ఆ పని మధ్యలో ఆపితే, కార్బన్ పరమాణువుల మధ్య మిగిలిన ద్విబంధాల్లో (జంట బంధాల్లో) కొన్ని ‘ట్రాన్స్’ అనే రూపంలోకి మారతాయి. వంకర తిరిగిన అణువు తిన్నగా అయి, చీపురు పుల్లల్లా పక్కపక్కనే సర్దుకుంటుంది. గట్టిదనం అలా వస్తుంది. కానీ ట్రాన్స్ ఫ్యాట్ అనే ఈ కొవ్వు చెడ్డదైన ఎల్‌డీఎల్ కొలెస్టరాల్‌ను పెంచడంతో ఆగదు, మంచిదైన హెచ్‌డీఎల్‌ను తగ్గిస్తుంది కూడా. ఆహారం నుంచి వచ్చే శక్తిలో 2 శాతం దీని నుంచే వస్తే గుండెజబ్బు ముప్పు సుమారు 23 శాతం ఎక్కువని పరిశోధనలు తేల్చాయి.

1990లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఈ కొలెస్టరాల్ సంగతి బయటపెట్టాక, చట్టం కోసం ఆగకుండా యూనిలీవర్ 1990ల మధ్యలోనే అక్కడి మార్జరిన్ల నుంచి ట్రాన్స్ ఫ్యాట్‌ను దాదాపు తీసేసింది. 2019లో అంతర్జాతీయ ఆహార, పానీయాల కంపెనీల కూటమి కూడా 2023 కల్లా తమ ఉత్పత్తుల్లో 100 గ్రాముల కొవ్వుకు ట్రాన్స్ ఫ్యాట్ 2 గ్రాములు దాటనివ్వబోమని మాటిచ్చింది. అదే ఏడాది మన ఆహార భద్రతా నియంత్రణ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, ఇష్టమున్నవాళ్లు వాడుకునేలా ‘ట్రాన్స్ ఫ్యాట్ ఫ్రీ’ లోగో తెచ్చింది. 100 గ్రాముల పదార్థంలో 0.2 గ్రాముల లోపు ఉంటేనే అది వేసుకోవచ్చు.

ఈ ప్రయత్నాలను నేను తక్కువ చేయను. రుచి, కరకర పోకుండా ట్రాన్స్ ఫ్యాట్ మానేయొచ్చని నిరూపించింది ఇవే. అయితే అందరూ తమంతట తామే మారరు. కెనడా 2007లో స్వచ్ఛందంగా తగ్గించుకోమని కంపెనీలకు రెండేళ్ల గడువిచ్చి చూసింది, అనుకున్నంత తగ్గలేదు, చివరికి 2018లో నిషేధం పెట్టింది. వీధి చివరి బేకరీ సంగతి ఇంకో రకం. డీలర్ పంపిన పెట్టెలో ఏ కొవ్వు వస్తే దానితోనే పఫ్ చేస్తారు. మార్పు ఆ కొవ్వు తయారయ్యే ఫ్యాక్టరీలోనే రావాలి. మన దేశంలో నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్ ఫ్యాట్ 2021లో 3 శాతం, 2022 నుంచి 2 శాతం మించకూడదన్న నిబంధన చేసింది ఆ పనే.

మరి గట్టిదనం ఎక్కడి నుంచి? ఎక్కువగా పామాయిల్ నుంచి వేరుచేసిన గట్టి భాగాన్ని ఇతర నూనెలతో కలిపి, కొవ్వు అణువులో ఉండే కొవ్వు ఆమ్లాల స్థానాలు మార్చి తెస్తారు. ట్రాన్స్ ఫ్యాట్ పోతుంది, ఎల్‌డీఎల్‌ను పెంచే సంతృప్త కొవ్వు (శాచురేటెడ్ ఫ్యాట్) ఉండిపోతుంది. కాబట్టి బిస్కెట్ ప్యాకెట్ మీద లోగో కనిపించినా, వెనక పట్టికలో సంతృప్త కొవ్వు ఎన్ని గ్రాములో చూడండి. విడిగా అమ్మే పఫ్‌కు ఆ పట్టిక ఉండదు. ఏ మార్జరిన్ వాడుతున్నారని కౌంటర్ దగ్గర అడగండి, అది వచ్చిన పెట్టె మీద రాసి ఉంటుంది.