మా నాన్నగారి మడమలు: మనవలకు ఉత్తరం

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

పెద్దవాడు మన వంశంలో వచ్చే అధిక కొలెస్ట్రాల్‌కు డాక్టరు ఇచ్చిన మాత్రలు రెండు వారాలుగా వేసుకోకుండా పుస్తకాల సంచిలో దాస్తున్నాడని, కాళ్లు లాగుతున్నాయని మాత్రమే చెబుతున్నాడని మీ అమ్మ ఫోనులో చెప్పింది. వాడిని మందలించడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. నేను కూడా ఒకప్పుడు అదే పని చేశాను, దాని ఫలితం అనుభవించాను. ఈ విషయం మీ ముగ్గురికీ సంబంధించినది కనుక ముగ్గురూ కలిసి చదవండి.

మా నాన్నగారు నలభై మూడో ఏట, పొలం నుంచి ఇంటికి వస్తూ దారిలోనే గుండెపోటుతో పోయారు. సన్నని మనిషి, చుట్ట బీడీ ముట్టని మనిషి. ఆయన మడమల వెనుక ఉండే స్నాయువులు బొటనవేలంత లావుగా ఉబ్బి ఉండేవి. చెప్పులు లేకుండా గట్ల మీద నడవడం వల్ల అలా అయ్యాయనీ, వేళ్ల కణుపుల మీది గట్టి బుడిపెలు నాగలి పట్టడం వల్ల వచ్చిన కాయలనీ అందరం అనుకునేవాళ్లం. నా నలభై ఆరో ఏట ఒక డాక్టరుగారు నా మడమలను చేత్తో తడిమి చూసి, రక్తపరీక్ష రాశారు. చెడు కొలెస్ట్రాల్ అని చెప్పే ఎల్‌డీఎల్ 268 ఉంది, అది చాలా ఎక్కువ. నాన్నగారి కాళ్లలో పేరుకున్నది కూడా ఈ కొలెస్ట్రాలే అయి ఉంటుందని అప్పుడు అర్థమైంది.

రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్‌ను పట్టుకుని లోపలికి లాక్కునే గ్రాహకాలు కాలేయ కణాల మీద ఉంటాయి. వాటిని కనుగొన్న మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ అనే అమెరికా శాస్త్రవేత్తలకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది. మనలాంటి వారిలో, తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చిన ఒక జన్యువు చెడిపోయి ఉండడం వల్ల, పనిచేసే గ్రాహకాలు సుమారు సగమే ఉంటాయి. కనుక కొలెస్ట్రాల్ పుట్టిన నాటి నుంచే రక్తంలో ఎక్కువగా నిలిచి, ఏళ్ల తరబడి రక్తనాళాల గోడల్లో చేరుతుంది. ఈ వంశపారంపర్య జబ్బు దాదాపు 250 మందిలో ఒకరికి ఉంటుంది, ఉన్నవారి ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. మీ నాన్నకు వచ్చింది, మీ అత్తకు రాలేదు. పెద్దవాడికి ఎల్‌డీఎల్ 204 వచ్చింది; మిగిలిన ఇద్దరికీ ఇంకా పరీక్ష చేయించాలి.

మన వైపు మేనరికాలు ఎక్కువ కనుక ఇంకొక మాట కూడా చెప్పాలి. భార్యాభర్తలు ఇద్దరిలోనూ ఈ జన్యువు ఉంటే, నలుగురు బిడ్డల్లో ఒకరికి ఇద్దరి నుంచీ వచ్చే ప్రమాదం ఉంది. అటువంటి బిడ్డకు ఎల్‌డీఎల్ 500 కూడా దాటవచ్చు, చిన్నతనంలోనే గుండె జబ్బు రావచ్చు. రేపు మీ పెళ్లి మాటలు వచ్చినప్పుడు సిగ్గుపడకుండా ఈ సంగతి చెప్పండి.

పరీక్ష తరువాత నేను నెయ్యి, గుడ్డు, మాంసం, వేపుళ్లు అన్నీ మానేశాను. ఆరు నెలలకు 268 కాస్తా 241 అయింది. పథ్యం మంచిదే, అది చేయవలసిందే. కానీ మన శరీరంలోని కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగాన్ని శరీరమే తయారు చేసుకుంటుంది కనుక, పథ్యం ఒక్కటే మనకు చాలదు. అందుకే కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ రకం మందుల్లో ఒకటైన అటోర్వాస్టాటిన్ 40 మిల్లీగ్రాములు మొదలుపెట్టారు. మూడో వారానికి రెండు తొడలూ, రెండు పిక్కలూ లాగడం మొదలైంది, మెట్లు ఎక్కాలంటే గోడ పట్టుకోవలసి వచ్చేది. ఎవరికీ చెప్పకుండా మానేశాను. నెలకే నొప్పి తగ్గింది, ఇక అంతా బాగుందనుకున్నాను. పద్నాలుగు నెలల తరువాత ఒక తెల్లవారుజామున ఛాతీలో బరువు మొదలై, సాయంత్రానికి స్టెంట్ వేయించుకున్నాను. మానేసిన మందు సంగతి అప్పటికి మీ నానమ్మకు కూడా తెలియదు.

ఈసారి డాక్టరుగారు కండరాల దెబ్బను చూపే సీకే పరీక్ష, థైరాయిడ్, డి విటమిన్ పరీక్షలు చేయించారు. థైరాయిడ్ మందగించి ఉంది. అది కండరాల నొప్పినీ తెస్తుంది, కొలెస్ట్రాల్‌నూ పెంచుతుంది, స్టాటిన్ నొప్పినీ ఎక్కువ చేస్తుంది. దానికి మందు ఇచ్చి, మరో స్టాటిన్ అయిన రోసువాస్టాటిన్ 5 మిల్లీగ్రాములు రోజు విడిచి రోజు ఇచ్చారు. అది శరీరంలో ఎక్కువసేపు నిలుస్తుంది కనుక అలా ఇవ్వవచ్చు. తట్టుకుంటున్నానని చూసి, మెల్లగా రోజుకు 20 వరకు తెచ్చారు. పేగులో కొలెస్ట్రాల్ పీల్చుకోవడాన్ని తగ్గించే ఎజెటిమైబ్, ఆ తరువాత కొలెస్ట్రాల్‌ను తగ్గించేదే గాని కండరాల్లో క్రియాశీలం కాని బెంపెడోయిక్ ఆమ్లం కలిపారు. ఇప్పుడు ఎల్‌డీఎల్ 82 ఉంది. ఇంకా తగ్గాలని ఆయన కోరిక, అందుకు ఇంజెక్షన్లు ఉన్నాయి, కానీ ధర ఎక్కువ.

ఈ మందుల మొదటి రోజుల కథ తెలిసినప్పుడు నాకు ఎంతో ధైర్యం కలిగింది. జపాను శాస్త్రవేత్త అకిరా ఎండో 1970ల్లో ఒక బూజు నుంచి మొట్టమొదటి స్టాటిన్ తీశారు. 1978లో ఒసాకాలో అకిరా యమమోటో అనే డాక్టరు, మన జబ్బే మరింత తీవ్రంగా ఉన్న పద్దెనిమిదేళ్ల అమ్మాయికి దానిని ఇచ్చారు. కొలెస్ట్రాల్ తగ్గింది గాని, కండరాలు నీరసించాయి. ఆయన మందు ఆపారు, కానీ ఆ ప్రయత్నాన్ని వదిలిపెట్టలేదు. మోతాదు తగ్గించి ఇతర రోగులకు ఇచ్చి చూశారు, అది పనిచేసింది.

పెద్దవాడా, నీ నొప్పి నిజం కాదని నేను అనను. అయితే కారణం తేల్చాలి. బ్రిటన్‌లో స్టాటిన్ పడక మానేసిన 60 మందికి, కొన్ని నెలలు అసలు మందు, కొన్ని నెలలు మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు. మందుతో కలిగిన బాధలో తొంభై శాతం ఉత్తుత్తి మాత్రతో కూడా కలిగిందని 2020లో తెలిసింది. వారికి కలిగిన బాధ నిజమే, కానీ దానికి మూలం చాలా వరకు మందులో లేదు. నువ్వు కబడ్డీ జట్టులో చేరింది కూడా ఈ నెలలోనే కదా. బాగా ఆడిన మరుసటి రోజు సీకే ఎవరికైనా పెరుగుతుంది. నొప్పి రెండు కాళ్లకూ ఒకేలా ఉందా, ఆడిన రోజుల్లోనేనా, ఏ వారం నుంచి మొదలైంది, అన్నీ తేదీలతో రాసి పెట్టు. మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చినా, లేవలేనంత నీరసం వచ్చినా మాత్రం ఆ రోజే మందు ఆపి ఆసుపత్రికి వెళ్లాలి. జ్వరానికో గొంతునొప్పికో వేరే డాక్టరు మందు రాస్తే, స్టాటిన్ వాడుతున్నావని చెప్పు. క్లారిత్రోమైసిన్ వంటివి కొన్ని స్టాటిన్లను రక్తంలో పెంచేస్తాయి. చిట్టితల్లీ, నీకు కూడా ఉందని తేలి మందు మొదలుపెడితే, పెద్దయ్యాక బిడ్డ కావాలనుకునే ముందు దానిని ఆపడం గురించి డాక్టరుతో తప్పక మాట్లాడాలి.

నెదర్లాండ్స్‌లో చిన్నతనంలోనే స్టాటిన్ మొదలుపెట్టిన పిల్లలను ఇరవై ఏళ్లు గమనించారు. ముప్ఫై తొమ్మిదేళ్లు వచ్చేసరికి వారిలో ఒక్క శాతానికే గుండె, రక్తనాళాల జబ్బు వచ్చింది. అదే జన్యువు ఉన్న వారి తల్లిదండ్రులలో ఆ వయసుకు ఇరవై ఆరు శాతానికి వచ్చింది. మా నాన్నగారికి ఈ మందు లేదు. నాకు ఆలస్యంగా దొరికింది, దొరికిన దానిని నేను వదులుకున్నాను. నీకు పదిహేనేళ్లకే దొరికింది.

వచ్చే శనివారం నేను వస్తున్నాను. ఆదివారం పొద్దున్నే ముగ్గురికీ రక్తం తీయిద్దాం, సోమవారం డాక్టరుగారి దగ్గరకు పెద్దవాడితో నేనే వస్తాను. సంచిలో దాచిన మాత్రలు పారేయకుండా, ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి తీసుకురా; ఆయన మొదట అడిగేది అదే.

ఆశీస్సులతో,
మీ తాతయ్య