ఊరకాకి, బొంతకాకి: పిల్లలకు ఒక ఉత్తరం

హనుమకొండ

చిరంజీవులైన పిల్లలకు మీ తాత ఆశీస్సులు.

మెడ దగ్గర బూడిదరంగు ఉన్న కాకి ఆడదనీ, ఒళ్లంతా నల్లగా ఉన్నది మగదనీ మీ బడిలో ఎవరో చెప్పారని రాశారు. ఇక్కడ పెద్దవాళ్లు కూడా అలా అనుకుంటారు గానీ అది నిజం కాదు. అవి రెండు వేర్వేరు జాతులు. బూడిద మెడ ఉన్నది ఊరకాకి, పూర్తిగా నల్లనిది బొంతకాకి. రెండింటిలోనూ ఆడ, మగ ఒకేలా కనిపిస్తాయి కనుక రంగును చూసి ఏది ఆడదో ఏది మగదో చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఆకాశం వెలుతురుకు ఎదురుగా కరెంటు తీగ మీద వాలిన కాకి ఏదైనా నల్లగానే అగుపిస్తుంది కాబట్టి, మెడ రంగు ఒక్కదాన్నే నమ్ముకోకుండా ముక్కును కూడా గమనించండి. ఊరకాకి సన్నని పక్షి, పొడవు సుమారు 40 సెంటీమీటర్లు. బొంతకాకి అంతకంటే పెద్దది, దాని ముక్కు లావుగా ఉండి పై అంచు బాగా వంపు తిరిగి ఉంటుంది. గొంతులోనూ తేడా ఉంది: ఊరకాకి అరుపు కాస్త సన్నగా, బొంతకాకి అరుపు లోతుగా, బొంగురుగా వినిపిస్తుంది.

అయితే నా దృష్టిలో అసలు తేడా బతుకుతెరువులో ఉంది. ఊరకాకి మనిషిని విడిచి బతకదు. పెత్తరమాస నాడు పట్నంలో మనం మిద్దె మీద పెట్టిన ముద్దను ముట్టేది ఎక్కువగా అదే. ఓడలెక్కి తూర్పు ఆఫ్రికా రేవులదాకా వెళ్లి, అక్కడి ఊళ్లలోనూ స్థిరపడి, స్థానిక పక్షుల గుడ్లనూ పిల్లలనూ తింటూ పెద్ద బెడదగా మారింది. మన దేశంలోనూ 1972 నాటి వన్యప్రాణి చట్టం దానిని హానికర జీవుల పట్టికలో చేర్చింది. 2022 సవరణతో ఆ పట్టికే పోయింది.

బొంతకాకి ఊళ్లోకి రాదని కాదు, చెట్లు దట్టంగా ఉన్నచోట ఇళ్ల మధ్యకూ వస్తుంది. కానీ పాకాల, ఏటూరునాగారం అడవుల్లో మనిషి జాడ లేకపోయినా అది బతకగలదు. చచ్చిన పశువుల దగ్గర చేరడం దానికి అలవాటు. పులి చంపి పొదల్లో దాచిన జంతువు ఎక్కడుందో పూర్వం వేటగాళ్లు ఈ కాకుల సందడిని బట్టే కనిపెట్టేవారు. 1832లో దక్కను పక్షులను వర్ణించిన సైక్స్ అనే ఆంగ్ల సైనికాధికారి దీనికి కార్వస్ కల్మినేటస్ అని పేరు పెట్టాడు. కొందరు శాస్త్రజ్ఞులు దీనిని ఆసియా అంతటా ఉన్న పెద్దముక్కు కాకిలో ఒక ఉపజాతిగానే లెక్కిస్తారు, కనుక మీ పుస్తకాల్లో వేరే పేరు కనిపిస్తే తికమకపడకండి.

కోకిల రెండింటి గూళ్లలోనూ గుడ్లు పెడుతుంది. దాని పిల్ల కాకి పిల్లలకంటే ముందే గుడ్డులోంచి బయటపడి, తల్లికాకి తెచ్చే మేతలో ముందుగా వాటా దక్కించుకుంటుంది. ఎండాకాలంలో మీ వాకిట్లోని వేపచెట్టు మీద గూడు కనబడితే, దగ్గరికి వెళ్లకుండా కిందనుంచే చూసి, అది ఏ కాకిదో నాకు రాయండి.

ఇట్లు,
మీ తాత