ముగ్గు వేసే చేతిని కదిపినవాడు

చిన్నారులకు,

“టీవీకి అతుక్కుపోతే తిడతారు కదా, మరి టీవీలతోనే బొమ్మలు చేసినాయనను గొప్ప కళాకారుడని ఎందుకంటారు?” అని అడిగారు. ఎంత మంచి ప్రశ్న!

ఆయన నామ్ జూన్ పైక్. 1932లో కొరియాలోని సోల్ నగరంలో పుట్టాడు. 1950లో యుద్ధం వచ్చి కుటుంబమంతా దేశం వదిలింది. జపాన్‌లో చదువుకుని, సంగీతం కోసం జర్మనీ వెళ్లాడు. టీవీ మీదికి మనసు మళ్లింది అక్కడే.

అప్పటి టీవీలో గాజు గొట్టం వెనక నుంచి ఎలక్ట్రాన్లనే అతి చిన్న కణాల సన్నని ధార వచ్చి తెరకు తగిలేది. తగిలినచోట వెలుగు. దాన్ని ముగ్గు వేసే చేయి అనుకోండి. ఎడమ నుంచి కుడికి ఒక గీత, దాని కింద ఇంకొకటి, అలా వందల గీతలు. సెకనుకు పాతిక ముప్పైసార్లు వాకిలంతా నింపేస్తుంది! ఆ చేతిని నడిపేది తీగచుట్టల్లోని అయస్కాంత బలం. 1965లో పైక్ టీవీ పెట్టె మీద పెద్ద అయస్కాంతం పెట్టాడు. మోచేతిని ఎవరో తోసినట్టు గీతలన్నీ వంగి, తెర మీద పువ్వులాంటి వెలుగు విచ్చుకుంది.

నా ఎనిమిదో ఏట పరుగెత్తుతూ అమ్మమ్మ మోచేతికి తగిలాను. ముగ్గు గీత వంకరపోయింది. ఇక దెబ్బలు తప్పవనుకున్నాను. ఆమె చెరపనైనా లేదు. ఆ వంకరను తీగలా సాగదీసి, చివర మొగ్గ పెట్టింది.

1963లో, జర్మనీలోని వుప్పర్టాల్‌లో పైక్ ప్రదర్శనకు తెచ్చిన ఒక టీవీ పాడైంది. తెర మధ్య ఒక్క అడ్డగీతే మిగిలింది. ఆయన పెట్టెను పక్కకు తిప్పి నిలబెట్టాడు. అడ్డగీత నిలువుగీతైంది. అదే కళాఖండం! అది చదివినప్పుడు నాకు అమ్మమ్మ పెట్టిన మొగ్గ కళ్లముందు నిలిచింది. బొమ్మ చెడిందని కాగితం చింపబోయే ముందు మీరూ ఒకసారి తిప్పి చూడండి.

తర్వాత 1988లో 1,003 టీవీలతో గోపురమే కట్టాడు. నాకు మాత్రం 1974 నాటి చిన్న పనే ఇష్టం. టీవీ ముందు బుద్ధుడి విగ్రహం. టీవీ వెనక నుంచి కెమెరా ఆయననే చూస్తుంది, తెర మీదా ఆయనే. బుద్ధుడు తనను తాను చూసుకుంటూ అలా కూర్చునే ఉంటాడు.

ఇక వివరించలేను. ఫోనులో ముందు కెమెరా తెరిచి ఎదురుగా పెట్టుకోండి. ఫొటో తీయకండి. కదలకుండా అయిదు నిమిషాలు చూడండి. ఎవరు ఎవరిని చూస్తున్నట్టు అనిపించిందో నాకు రాయండి.

మీ తాతయ్య