రాతి దుమ్ము, సిలికోసిస్: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

పనిచోట దుమ్ము, వేడి, రసాయనాలు కార్మికుల ఒంటికి ఏం చేస్తాయో కొలవడం నా వృత్తి. అందులో ఎక్కువ కాలం రాతి దుమ్ముతోనే గడిచింది. కంకర క్రషర్లు, గ్రానైట్ కటింగ్ షెడ్లు, పలుగురాయిని పిండిలా నూరే మిల్లులు మేం తిరిగే చోట్లు. రాతిలోని సిలికా సన్న దుమ్ముగా ఊపిరితిత్తుల్లో చేరి మచ్చలు కట్టే జబ్బు సిలికోసిస్. ఒకసారి వస్తే నయం చేసే మందు లేదు. రాకుండా మాత్రం పూర్తిగా ఆపొచ్చు. ఆపాలంటే ఎవరికి, ఎక్కడ, ఎంత దుమ్ము తగులుతోందో ముందు తేలాలి. ఆ పనికి అడ్డం పడే మాటలు ప్రతి ఊళ్లోనూ వినిపిస్తాయి.

అపోహ: దుమ్ము కమ్మేస్తేనే ప్రమాదం, గాలి తేటగా ఉంటే భయం లేదు

కంటికి కనిపించే దుమ్ములో చాలా భాగం ముక్కులో, గొంతులో ఆగిపోతుంది. ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్లేది నాలుగైదు మైక్రాన్లకు లోపు ఉన్న రేణువు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు, దాంతో పోల్చి చూడండి. ఒక మైక్రాన్ రేణువు గాలి కదలని గదిలో కూడా మనిషి ఎత్తు నుంచి నేలకు దిగడానికి గంటలు తీసుకుంటుంది. మిషన్ ఆపి, అందరూ టీ తాగి వచ్చేసరికి షెడ్డు శుభ్రంగానే కనిపిస్తుంది, ఆ రేణువులు మాత్రం అక్కడే తేలుతుంటాయి.

అందుకే మేం కళ్లను నమ్మం. కార్మికుడి నడుముకు చిన్న పంపు కట్టి, దాని గొట్టాన్ని చొక్కా కాలర్ దగ్గర క్లిప్పుతో పెడతాం. చివర్న ఉండే సైక్లోన్ అనే పరికరం పెద్ద రేణువుల్ని విడగొట్టి, సన్నవాటిని మాత్రమే ఫిల్టర్ మీదికి పంపుతుంది. షిఫ్టు మొత్తం అది ఆ మనిషితోనే తిరుగుతుంది. సాయంత్రం తీసి చూస్తే ఫిల్టర్ ఒక్కోసారి తెల్లగానే ఉంటుంది. "చూశారా సార్, ఏం లేదు" అంటాడు సూపర్‌వైజర్. ల్యాబ్‌లో తూచి, అందులో క్వార్ట్జ్, అంటే రాతిలో సిలికా ఎక్కువగా ఉండే రూపం, ఎంతుందో చూశాకే విషయం బయటపడుతుంది.

దుమ్మంతా ఒకటి కాదు. ఏ రాయి అన్నదాన్ని బట్టి అందులో సిలికా మారుతుంది. గ్రానైట్‌లో క్వార్ట్జ్ సుమారు పావు వంతు, ఒక్కోసారి అంతకు మించి ఉంటుంది. పలుగురాయి అయితే దాదాపు అంతా క్వార్ట్జే. 1948 నాటి మన ఫ్యాక్టరీల చట్టం షెడ్యూలులోని లెక్క ప్రకారం సన్న దుమ్ములో క్వార్ట్జ్ శాతానికి 2 కలిపి, ఆ మొత్తంతో 10ని భాగిస్తే ఆ దుమ్ముకు పరిమితి వచ్చేది. ఆ లెక్కన 30 శాతం ఉంటే ఘనపు మీటరు గాలిలో 0.31 మిల్లీగ్రాములు మించకూడదు, నూరు శాతం ఉంటే 0.1 కూడా ఉండకూడదు.

అపోహ: "ముప్పై ఏళ్లుగా ఇదే పని, నాకేం కాలేదు"

అన్నిటికంటే ఎక్కువ తప్పుదారి పట్టించేది ఈ మాటే. చెప్పే పెద్దాయన అబద్ధం చెప్పట్లేదు. అయితే ఆ మాట చెప్పడానికి అక్కడ మిగిలింది ఆయనొక్కడే. ఆయనతో పాటు చేరినవాళ్లలో ఆయాసం మొదలైనవాళ్లు ఎప్పుడో పని మానేశారు. కొందరు సొంతూరికి వెళ్లి మంచం పట్టారు. కొందరు చనిపోయారు. ఈ రోజు మస్టర్ రోల్‌లో ఉన్నవాళ్లనే పరీక్షిస్తే, బరువు ఎత్తగలిగిన వాళ్లనే పరీక్షించినట్టు. ఈ చిక్కును విలియం ఓగ్లే అనే ఇంగ్లండ్ వైద్యుడు 1885లోనే గుర్తించాడు. కష్టమైన పనిలో బలమైనవాళ్లే చేరతారు, జబ్బుపడినవాళ్లు వదిలేస్తారు, అందువల్ల ఆ పని మంచిదిగా కనిపిస్తుంది అని.

కాబట్టి సర్వే మిల్లు గేటు దగ్గర ఆగిపోకూడదు. పాత హాజరు పుస్తకాలు, పీఎఫ్ జాబితాలు పట్టుకుని ఊళ్లకు వెళ్లాలి. వెళ్తే తలుపు తీసేది చాలాసార్లు ఆ ఇంటావిడే. "ఆయన లేరు సార్" అని చెప్పి, అటక మీది ప్లాస్టిక్ కవర్లోంచి ఎక్స్‌రేలు, టీబీ కార్డు తీసి మన చేతిలో పెడుతుంది. మా పరిశోధనలో సగం ఆ కవర్లలోనే ఉంది.

గుజరాత్‌లోని గోధ్రా దగ్గర క్వార్ట్జ్ మిల్లుల్లో పనిచేసింది మధ్యప్రదేశ్ గిరిజనులు. జబ్బుపడి ఊళ్లకు తిరిగొచ్చాక అక్కడే చనిపోయారు. మిల్లుల్లో లెక్క తీస్తే ఆ చావులు కనిపించేవి కావు. ఊళ్లలో లెక్క తేలాకే, 2016లో సుప్రీంకోర్టు 238 మంది కుటుంబాలకు మూడేసి లక్షల పరిహారం ఇవ్వాలని గుజరాత్‌ను ఆదేశించింది.

అపోహ: టీబీ మందులు వాడుతున్నాడు కాబట్టి అది టీబీయే

కావచ్చు. రెండూ కావచ్చు, టీబీ అసలే కాకపోనూ వచ్చు. ఊపిరితిత్తుల్లో క్రిముల్ని మింగేసే కణాలు సిలికాను మింగి చచ్చిపోతాయి. దాంతో టీబీ సులువుగా పట్టుకుంటుంది. కానీ కళ్లె పరీక్షలో ఏమీ రాకపోయినా, ఎక్స్‌రేలో మచ్చలు చూసి కోర్సు మీద కోర్సు టీబీ మందులు వాడినవాళ్లు ఎంతోమంది కలుస్తుంటారు. చీటీలో వయసు ఉంటుంది, బరువు ఉంటుంది, చేసే పని మాత్రం ఉండదు. రోగిని వృత్తి ఏమిటని తప్పక అడగాలని ఇటలీ వైద్యుడు రామజ్జిని 1700లోనే రాశాడు. డాక్టరు అడగకపోతే మీరే చెప్పండి, "పలుగురాయి మిల్లులో ఇన్నేళ్లు చేశాను" అని.

అపోహ: బెల్లం తింటే దుమ్ము దిగిపోతుంది

బెల్లం వల్ల మేలు కనిపించిందని చెప్పిన, లక్నోలో ఎలుకల మీద చేసిన ఒక ప్రయోగం ఉంది. కానీ మనుషుల్ని బెల్లం సిలికోసిస్ నుంచి కాపాడిందని రుజువు కాలేదు. బెల్లం పంచడాన్ని రక్షణ ఏర్పాటుగా చూపించే యజమానుల మీద నాకు కోపమే.

అపోహ: మాస్క్ ఇస్తే సరిపోతుంది

తువ్వాలు, గుడ్డ మాస్క్ ఈ రేణువుల్ని ఆపలేవు. ఎన్95 ఆపుతుంది, అదీ ముఖానికి ఖాళీ లేకుండా అతుక్కుంటేనే. మే నెల ఎండలో రేకుల షెడ్డు కింద ఎనిమిది గంటలు దాన్ని పెట్టుకోమనడం అన్యాయం. ముందు జరగాల్సినవి నీళ్లు చల్లుతూ కోయడం, మిషన్‌కు మూత బిగించడం, దుమ్ము పుట్టే చోటే లాగేసే ఎగ్జాస్ట్ పెట్టడం. తడి బురద ఎండకముందే ఎత్తేయాలి, లేకపోతే అదే మళ్లీ దుమ్మవుతుంది. మేం కొలతకు వస్తున్నామని తెలిసి ఆ ఒక్క రోజు నీళ్లు వదిలే చోట్లున్నాయి. అందుకే వేర్వేరు రోజుల్లో, రాత్రి షిఫ్టులో కూడా కొలవాలి.

అపోహ: పని మానేస్తే జబ్బు ఆగిపోతుంది

దుమ్ముకు దూరం కావడం మంచిదే, తప్పనిసరి కూడా. కానీ లోపలికి వెళ్లిన సిలికా అక్కడే ఉంటుంది. మచ్చ కట్టడం పని మానేసిన తర్వాత కూడా సాగొచ్చు. మామూలుగా పది, ఇరవై ఏళ్లకు బయటపడే జబ్బు, పలుగురాయి పిండి మిల్లుల్లాంటి చోట ఐదేళ్లలోపే రావొచ్చు. మానేసినవాళ్లకు కూడా ఎక్స్‌రే, ఊదే పరీక్ష కొనసాగాలి.

అపోహ: సర్వేలో పేరిస్తే ఉద్యోగం పోతుంది

ఈ భయాన్ని కొట్టిపారేయను, కారణం లేకుండా పుట్టలేదు. సరైన పద్ధతిలో జరిగే సర్వేలో ఎవరి రిపోర్టు వాళ్లకే ఇవ్వాలి, యజమానికి ఇచ్చే నివేదికలో పేర్లు ఉండకూడదు. సంతకం పెట్టేముందు ఈ రెండూ అడగండి. జవాబు సూటిగా రాకపోతే ఒప్పుకోనక్కర్లేదు.

పరిహారం దగ్గర చాలామంది ఓడిపోయేది అక్కడ పనిచేసినట్టు కాగితం లేకే. కూలి చీటీ, ఈఎస్ఐ కార్డు, గేటు పాసు, ఏది దొరికినా ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. పాత ఎక్స్‌రే ఫిల్ములు పారేయకండి. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెడితేనే మచ్చలు పెరిగాయో లేదో డాక్టరుకు తెలుస్తుంది.