వేసవి సాయంత్రానికి ఐసు లెక్క

ఎండలు ముదిరాక స్నేహితుల్ని ఇంటికి పిలిస్తే వాళ్లు ఆశించేది పెద్దగా ఏమీ ఉండదు. గొంతు తడిపే చల్లటి పానీయం, నాలుగు పుచ్చకాయ ముక్కలు, గాలి ఆడే చోటు ఉంటే చాలు. అయితే చల్లదనం అనే వస్తువు ఎక్కడా లేదు. ఉన్నదల్లా వేడే. ఐసు, కుండ, ఫ్రిజ్, చివరికి మన చెమట కూడా ఒకచోట ఉన్న వేడిని తీసి మరోచోటికి పంపుతాయి, అంతే. ఎక్కడి వేడి ఎక్కడికి పోతోందో తెలిసినవారికి వేసవి ఆతిథ్యం కష్టం కాదు.

పానీయంతో మొదలుపెడదాం. గ్రాము నీరు 1 డిగ్రీ చల్లబడాలంటే అందులోంచి 1 కెలోరీ వేడి పోవాలి (తిండి పొట్లాల మీద లెక్కగట్టే కెలోరీ దీనికి వెయ్యి రెట్లు పెద్దది). లీటరు నీటిని 30 డిగ్రీల నుంచి 5 డిగ్రీలకు దించడానికి 25,000 కెలోరీలు తీసేయాలి. 0 డిగ్రీల దగ్గరున్న ఐసు గ్రాముకు 80 కెలోరీలు తాగేసి కరుగుతుంది. ఆ కరిగిన నీరు 5 డిగ్రీలకు చేరేలోగా ఇంకో 5 కెలోరీలు తీసుకుంటుంది. 25,000ను 85తో భాగిస్తే లీటరుకు దాదాపు 300 గ్రాముల ఐసు. ఫ్రీజర్‌లోంచి అప్పుడే తీసిన ఐసు −18 డిగ్రీల దగ్గర ఉంటుంది కదా, అది బాగా ఎక్కువ పని చేయదా అంటే, ఆ 18 డిగ్రీల వల్ల కలిసొచ్చేది గ్రాముకు 9 కెలోరీలే. పానీయాన్ని చల్లబరిచేది ఐసు చలి కాదు, ఐసు కరగడం. నీళ్లు కలవకుండా చల్లబరుస్తాయని అమ్మే రాతి ముక్కలు నిరాశపరిచేది ఇందుకే. 20 గ్రాముల రాయి ఫ్రీజర్ నుంచి వచ్చి మొత్తం మీద 90 కెలోరీలు తీసుకుంటుంది. ఒక గ్రాము ఐసు చేసే పనికి అది దాదాపు సమానం.

కరిగిన ఐసు ఎక్కడికీ పోదు, పానీయంలోనే చేరుతుంది. లీటరు నిమ్మ పానీయంలో 300 గ్రాముల ఐసు వేస్తే లీటరు మీద 300 మిల్లీలీటర్లు నీళ్లు పోసినట్టే. మొదటి గుక్క బాగుండి, గ్లాసు అడుగుకు వచ్చేసరికి చప్పబడిపోయే పానీయానికి మూలం ఇదే. దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, ఐసును లెక్కలో కలుపుకొని ముందే చిక్కగా చేయడం: లీటరు నీటికి 90 మిల్లీలీటర్ల నిమ్మరసం, 120 గ్రాముల చక్కెర, పావు చెంచా ఉప్పు, ఆపైన 300 గ్రాముల ఐసు. రెండోది ఇంకా మేలు. పానీయాన్ని ఉదయమే కలిపి ఫ్రిజ్‌లో పెడితే సాయంత్రానికి 10 డిగ్రీలకు దగ్గరగా వస్తుంది. అక్కడి నుంచి 5కు దించడానికి లీటరుకు 60 గ్రాముల ఐసు చాలు. అప్పుడు చక్కెరను 100 గ్రాములకు, రసాన్ని 70 మిల్లీలీటర్లకు తగ్గించండి.

చక్కెర అడుగున మిగిలిపోతే చల్లటి నీళ్లలో కరగదని అనుకుంటాం. నిజానికి 0 డిగ్రీల దగ్గర కూడా 100 గ్రాముల నీరు 175 గ్రాములకు పైగా చక్కెరను కరిగించుకోగలదు. చాలనిది చోటు కాదు, వేగం. చక్కెరకు సమానమైన తూకంలో వేడి నీళ్లు పోసి తిప్పితే రెండు నిమిషాల్లో పాకం తయారవుతుంది. అది పూర్తిగా చల్లారాకే కలపాలి. నిమ్మ తొక్కలు మాత్రం జగ్గులో వదలకండి. గంటలు గడిచేకొద్దీ వాటిలోని చేదు నీటిలోకి దిగుతుంది.

రుచి ఎప్పుడు చూడాలన్నది కూడా ముఖ్యమే. తీపిని నాలుక నుంచి మెదడుకు చేరవేసే దారిలో టీఆర్‌పీఎం5 అనే ప్రొటీన్ ద్వారం ఉంది. చలిలో అది మందకొడిగా తెరుచుకుంటుంది. గది వేడిమి దగ్గర సరిపోయిందనిపించిన తీపి, చల్లబడ్డాక వెలితిగా తోస్తుంది. కాబట్టి ఒక చెంచా పానీయాన్ని ఐసుతో చల్లబరిచి రుచి చూసి, తర్వాతే చక్కెర సరిచేయాలి. పుదీనాది ఇంకో తమాషా. అందులోని మెంథాల్ ఏ వేడినీ తీసేయదు. చలిని పసిగట్టే టీఆర్‌పీఎం8 అనే ద్వారాన్ని తానే తెరిచేస్తుంది. ఆ ద్వారాన్ని 2002లో గుర్తించారు. ఆ పరిశోధకుల్లో డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూషియన్‌లకు వేడి, చలి, స్పర్శలను శరీరం ఎలా గ్రహిస్తుందో కనుగొన్నందుకు 2021లో నోబెల్ బహుమతి దక్కింది. ఆకుల్ని అరచేతిలో ఒకసారి చరిచి వేస్తే వాసన చాలినంత వస్తుంది. నూరితే పసరు చేదు దిగుతుంది.

అతిథులు ఎనిమిది మంది, తలా రెండు పావు లీటరు గ్లాసులు అనుకుంటే మొత్తం 4 లీటర్లు. ఇంట్లోని ఒక ఐసు ట్రే 200 గ్రాములకు అటూ ఇటూగా ఇస్తుంది. ముందురోజు నుంచే గడ్డకట్టిన ముక్కల్ని మూత బిగిసే డబ్బాలోకి మార్చి, ట్రేని మళ్లీ నింపుతూ ఉండండి. మూత లేకపోతే ఫ్రీజర్‌లోని వాసనలన్నీ ఐసుకు పడతాయి.

సీసాలు చల్లబడాలంటే ఉత్త ఐసులో గుచ్చితే లాభం లేదు. ముక్కల మధ్య గాలి ఉంటుంది. నీరు గాలి కంటే ఇరవై రెట్లకు పైగా వేగంగా వేడిని దాటిస్తుంది. బకెట్లో సగం ఐసు, సగం నీళ్లు పోసి సీసాలను మెడ దాకా ముంచితే, ఫ్రిజ్‌లో గంటలు పట్టే పని అరగంటలోపే అవుతుంది. మధ్యమధ్యలో సీసాను తిప్పితే ఇంకా త్వరగా. గుప్పెడు ఉప్పు వేస్తే నీరు 0 కన్నా కిందికి దిగుతుంది. మరీ ఎక్కువ వేయవద్దు. ఐసు, ఉప్పు మిశ్రమం −21 డిగ్రీల దాకా వెళ్లగలదు. అందులో మరచిపోయిన గాజు సీసా గడ్డకట్టి పగులుతుంది.

గ్లాసు బయట పట్టే చెమటను చూసి ముచ్చటపడతాం కానీ, అది పానీయానికి శత్రువు. గాలిలోని ఆవిరి గ్లాసు మీద నీరుగా మారేటప్పుడు గ్రాముకు 580 కెలోరీల వరకు వదులుతుంది. ఒక గ్రాము చెమట పట్టిందంటే ఏడు గ్రాముల ఐసు కరిగే వేడి వచ్చి చేరిందన్నమాట. రెండు పొరల గ్లాసులు వాడండి. అవి లేకపోతే చిన్న గ్లాసుల్లో పోసి మళ్లీ మళ్లీ నింపండి.

ఇదే లెక్కను తిరగేస్తే మట్టి కుండ. సూక్ష్మరంధ్రాల్లోంచి ఊరిన నీరు బయట ఆవిరవుతూ గ్రాముకు ఆ 580 కెలోరీలను లోపలి నీటి నుంచే పట్టుకుపోతుంది. కానీ ఇది గాలి పొడిగా ఉన్నప్పటి మాట. 40 డిగ్రీల ఎండలో గాలి తేమ 20 శాతమే ఉంటే కుండ నీరు 23 డిగ్రీల దగ్గరికి దిగే వీలుంది. 35 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్న రోజున 30 దాటి కిందికి రాదు. అలాంటి ఊళ్లో కుండను నిందించి ప్రయోజనం లేదు. పొడిగాలిలోనూ కుండ చల్లబరచకపోతే దాన్ని గాలి రాని మూలలో పెట్టారేమో, బయట రంగు పూసి ఉందేమో, నీటిలోని ఉప్పు రంధ్రాల్ని మూసేసిందేమో చూడండి. పీచుతో, సబ్బు లేకుండా, బయటివైపు గట్టిగా రుద్దితే మళ్లీ ఊరుతుంది.

పుచ్చకాయలో 92 శాతం దాకా నీరే. అంటే ఐదు కిలోల కాయను చల్లబరచడం దాదాపు ఐదు లీటర్ల నీటిని చల్లబరచడమే. పైగా ఆ నీరు కదలదు. అందుకే ముందురాత్రే ఫ్రిజ్‌లో పెట్టాలి. కోసే ముందు తొక్కను బాగా కడగండి, లేదంటే కత్తి తొక్క మీది క్రిముల్ని గుజ్జులోకి దించుతుంది. ఈ పండు తీపిలో పెద్ద వాటా పండ్ల చక్కెర అయిన ఫ్రక్టోజ్‌ది. చలిలో ఫ్రక్టోజ్ అణువులు ఎక్కువ తియ్యగా ఉండే రూపానికి మారతాయి కాబట్టి, చల్లటి పుచ్చకాయ నిమ్మ పానీయంలా చప్పబడదు. ఉప్పు చల్లేది వడ్డించేటప్పుడే. ముందే చల్లితే రసమంతా పళ్లెంలోకి ఊరి ముక్కలు మెత్తబడతాయి. కోసిన ముక్కలు బయట రెండు గంటలకు మించి ఉండకూడదు. వేడి 32 డిగ్రీలు దాటితే గంటే గడువు.

ఇక చోటు సంగతి. ఊరికే కూర్చున్న మనిషి ఒంటి నుంచి సుమారు 100 వాట్ల వేడి వస్తుంది. పది మంది చేరిన గదిలో కిలోవాట్ హీటరు వెలుగుతున్నట్టే. పొయ్యి మీది పనులు పొద్దున్నే ముగించుకోవడం అందుకే మంచిది. రోజంతా ఎండకు కాగిన స్లాబు సాయంత్రం వేడిని కిందికి వదులుతుంది. వీలుంటే ఆకాశం కనిపించే చోట కుర్చీలు వేయండి. నేల మీద నీళ్లు చల్లడం గంట ముందే అయిపోవాలి. అతిథులు వచ్చాక చల్లితే తేమ పెరిగి చెమట ఆరదు. ఫ్యాను గాలిని చల్లబరచదు, ఒంటి చెమటను ఆరబెడుతుంది. దాన్ని కాళ్ల ఎత్తులో పెడితే ఎదురుగాలికి నిలవలేక దోమలూ తగ్గుతాయి.

అందరూ వెళ్లాక ఎదురెదురు కిటికీలు రెండూ తెరిచి, ఒకదాని ముందు ఫ్యానును బయటికి తిప్పి పెట్టండి. అది లోపలి వేడిగాలిని నెట్టేస్తుంటే రెండో కిటికీలోంచి రాత్రి గాలి వస్తుంది. తెల్లారాక బయటి వేడి లోపలి వేడిని దాటే వేళకు, చాలా చోట్ల ఎనిమిది తొమ్మిది గంటలకు, కిటికీలు మూసి తెరలు దించేయాలి.