డా నాంగ్‌లో నాలుగు రోజులు: మనవలకు తాతయ్య ఉత్తరం

నెల్లూరు

చిరంజీవులు సాహితికి, వరుణ్‌కి తాతయ్య ఆశీస్సులు.

మీరు వాట్సాప్‌లో పంపిన కాగితం ఫోటో చూశాను. దసరా సెలవుల్లో వియత్నాం ప్రయాణం, డా నాంగ్ నగరంలో నాలుగు రోజులు, చూడాల్సినవి పద్నాలుగు. ప్లాన్ వేసే పని మీ నాన్న మీ ఇద్దరికే అప్పగించాడని విని ఎంత సంతోషించానో! ముప్పై ఏళ్లు పిల్లలకు సోషల్ చెప్పినవాణ్ణి, పోయిన ఏడాది ఆ ఊరు చూసి వచ్చినవాణ్ణి. ఫోన్‌లో చెబితే సగం మరిచిపోతారని ఉత్తరం రాస్తున్నాను. అట్లాసు పక్కన పెట్టుకుని చదవండి.

ముందు దసరా సంగతి. మన దేశంలో చాలాచోట్ల వానలు వెనక్కి పట్టే రోజులు కాబట్టి అక్కడా అంతే అనుకున్నారు. మ్యాపులో చూడండి, డా నాంగ్ తూర్పు తీరాన ఉంది. దానికి పడమటి వైపు ట్రూంగ్ సన్ పర్వతాలు గోడలా నిలబడ్డాయి. జూన్, జులైలో నైరుతి గాలి ఆ కొండలకు అవతలే వాన కురిపించేసి, ఇటువైపు వేడిగాలిగా దిగుతుంది. ఈశాన్య గాలి మొదలయ్యాక సముద్రం మీది తేమంతా మోసుకొచ్చి ఇక్కడ గుమ్మరిస్తుంది. మన నెల్లూరికి అక్టోబరు, నవంబరు నెలల్లో వానలు ఎందుకు పడతాయో, డా నాంగ్‌కీ అందుకే పడతాయి. తుఫానులూ అప్పుడే. పక్కనున్న హోయ్ ఆన్ పాత ఊళ్లో నది పొంగితే వీధుల్లో పడవలు నడుస్తాయి. టిక్కెట్లు కొనుక్కుని వెళ్లి హోటల్ కిటికీలోంచి వాన చూస్తూ కూర్చోవడం నాకు ఇష్టం లేదు. ఫిబ్రవరి నుంచి మే దాకా అక్కడ మంచి కాలం. మీకు పరీక్షలు అయ్యేది ఏప్రిల్ చివర్లో. కానీ ఏప్రిల్ 30, మే 1 వాళ్లకు జాతీయ సెలవులు. ఊళ్లకు ఊళ్లే కదిలి సముద్రం దగ్గరికి వస్తాయి. అవి దాటాక మే మొదటి వారంలో పెట్టుకోండి. ఎండ ఉంటుంది, ఎండకు మనం కొత్తవాళ్లం కాదు.

తేదీ ఖాయం చేసే ముందు గోడ మీది మన తెలుగు క్యాలెండర్‌లో పున్నమి ఎప్పుడో చూడండి. హోయ్ ఆన్‌లో ప్రతి చాంద్రమాన నెలలో 14వ రోజు రాత్రి లాంతర్ల పండుగ చేస్తారు. మన లెక్కలో అది పున్నమికి ఒకటి రెండు రోజుల ముందు వస్తుంది. కరెంటు దీపాలు తగ్గించి, వీధుల నిండా పట్టు లాంతర్లు వెలిగిస్తారు. కాగితపు దొప్పల్లో దీపాలు పెట్టి నదిలో వదులుతారు. మన కార్తీక దీపాలు చూసిన కళ్లకు అది పరాయి ఊరు అనిపించదు.

ఇక నాలుగు రోజుల లెక్క. విమానం దిగే రోజు, ఎక్కే రోజు సగం సగమే మిగులుతాయి. అంటే మీ చేతిలో ఉన్నవి మూడు రోజులు. మూడు రోజుల్లో పద్నాలుగు చోట్లంటే కారులో కూర్చోవడమే సరిపోతుంది. అందుకే మీ కాగితంలో నేను కొన్ని కొట్టేశాను, కోపం తెచ్చుకోకండి. హుయె నగరం ఉత్తరాన సుమారు 100 కిలోమీటర్లు. రాజుల కోట గొప్పదే, దారిలో హై వాన్ కనుమ ఇంకా గొప్పది. ఆ పేరుకు సముద్ర మేఘం అని అర్థం. కానీ దానికి పూర్తిగా ఒక రోజు కావాలి, ఈసారి వద్దు. రెండోది, వరుణ్ ఎర్ర ఇంకుతో గుండ్రం చుట్టిన బా నా కొండల మీది బంగారు వంతెన. 2018లో తెరిచారు, రెండు పెద్ద చేతులు వంతెనను పట్టుకున్నట్టు ఉంటుంది. అవి చూడటానికి పాచి పట్టిన రాయిలా ఉన్నా, రాయి కాదు, ఇనుప వల మీద ఫైబర్‌తో చేసినవి. కేబుల్ కారు ఎక్కి వెళ్లి రావడానికి రోజంతా పోతుంది, టిక్కెట్టూ ఎక్కువే. వరుణ్, నీకు ఆ కేబుల్ కారు మీద ఎంత మనసుందో నాకు తెలుసు. అయినా దాని కోసం మీసన్ పాత గుళ్లు వదులుకోవద్దనే నా మాట. ఎందుకో చెబుతాను.

ఇప్పటి వియత్నాం మధ్య, దక్షిణ భాగాల్లో ఒకప్పుడు చంపా అనే రాజ్యం ఉండేది. అక్కడి చామ్ రాజులు సంస్కృతంలో శాసనాలు వేయించారు, శివుణ్ణి కొలిచారు. డా నాంగ్, మీసన్ ఉన్న ప్రాంతానికి అప్పటి పేరేమిటో ఊహించండి. అమరావతి! నేను క్లాసులో కృష్ణా తీరపు అమరావతి గురించి ఎన్నేళ్లు చెప్పానో. సముద్రానికి అవతల ఇంకో అమరావతి ఉండేదని అక్కడికి వెళ్లాకే నా మనసుకు ఎక్కింది. దగ్గర్లోని డోంగ్ డువాంగ్ అనే చోట 1911లో ఒక కంచు బుద్ధుడు బయటపడ్డాడు. ఆ విగ్రహం వస్త్రపు మడతల్లో మన అమరావతి శైలి ఉందని కొందరు కళా చరిత్రకారులు అంటారు. అది ఇప్పుడు హో చి మిన్ సిటీలోని చరిత్ర మ్యూజియంలో ఉంది, మీకు ఈసారి కనిపించదు.

మీసన్‌లో నాలుగో శతాబ్దం చివర భద్రవర్మ అనే రాజు శివలింగాన్ని నిలిపాడు. ఆ దేవుడి పేరు భద్రేశ్వరుడు. రాజు పేరు దేవుడి పేరులో కలిసింది, మన సామర్లకోటలో చాళుక్య భీముడి పేరు భీమేశ్వరుడిలో వినిపించినట్టే. ఆ తర్వాత దాదాపు వెయ్యేళ్ల పాటు కొండల మధ్య ఆ లోయలో రాజు తర్వాత రాజు ఇటుకతో గుళ్లు కట్టించారు. ఇటుకకూ ఇటుకకూ మధ్య సున్నం గీత కూడా కనిపించదు. చెట్టు జిగురుతో అతికించారని కొందరంటారు, ఇంకా చర్చ నడుస్తూనే ఉంది. వేలు పెట్టి తడిమి చూడాలనిపిస్తుంది, తడమకండి. 1969 ఆగస్టులో అమెరికా బాంబులు పడి అన్నిటికన్నా ఎత్తయిన గోపురం కూలిపోయింది. గుళ్ల పక్కనే బాంబు గుంతలు చూపించారు, వాటిలో గడ్డి మొలిచి ఉంది. అక్కడ నేను చాలాసేపు నిలబడిపోయాను.

ఇంకో మాట. ఆ గుళ్లలో కొన్నిటిని బాగు చేసింది మన దేశపు పురావస్తు శాఖ వాళ్లే. 2017 నుంచి 2022 దాకా పనిచేశారు. ఆ పనిలోనే 2020లో తొమ్మిదో శతాబ్దపు ఇసుకరాతి శివలింగం ఒకటి, ఏకశిల, మట్టిలోంచి బయటపడింది.

అయితే మీసన్ గుళ్లలోకి తొంగి చూస్తే చాలావరకు ఖాళీగా ఉంటాయి. మంచి విగ్రహాలు డా నాంగ్‌లోని చామ్ మ్యూజియానికి చేరాయి. 1919లో తెరిచిన మ్యూజియం అది. కాబట్టి దేవుళ్లు ఊళ్లో ఉన్నారు, గుళ్లు కొండల్లో ఉన్నాయి. ముందు దేవుళ్లను చూసి వెళ్తే, ఖాళీ గుళ్లలో ఎవరు ఉండేవారో మీకు కళ్లకు కడుతుంది. దిగిన రోజు మధ్యాహ్నమే మ్యూజియానికి వెళ్లండి, ఎయిర్‌పోర్టు ఊళ్లోనే ఉంది కాబట్టి వీలవుతుంది. మీసన్ నుంచి తెచ్చిన నిలబడ్డ వినాయకుడు ఉన్నాడు, సాహితీ, ఆయన బొమ్మ నాకోసం గీసి తీసుకురా. ఋషులు, వాద్యాలు వాయించేవాళ్లు చెక్కి ఉన్న పెద్ద పీఠం కూడా చూడండి.

మ్యూజియం బయటికి రాగానే హాన్ నది, డ్రాగన్ వంతెన. 666 మీటర్ల పొడవు, 2013లో తెరిచారు. వారాంతాల్లో రాత్రి 9 గంటలకు ఆ డ్రాగన్ నిప్పు ఊదుతుంది, తర్వాత నీళ్లు చిమ్ముతుంది. తల దగ్గర నిలబడితే తడుస్తారు. మీరు దిగేది శనివారమో ఆదివారమో అయితే అదే రాత్రి అదీ చూసినట్టే.

రెండో రోజు తెల్లారకముందే బయల్దేరి మీసన్‌కి పోండి, సుమారు 70 కిలోమీటర్లు. ఎండ ముదరకముందు, బస్సుల జనం రాకముందు ఆ లోయ నిశ్శబ్దంగా ఉంటుంది. తిరుగు దారిలో డా నాంగ్ రాకుండా హోయ్ ఆన్‌కి తిరగండి. మధ్యాహ్నం అక్కడే పడుకుని లేచి, సాయంత్రం పాత వీధుల్లో నడవండి. జపాన్ వర్తకులు కట్టించిన కప్పు వంతెన ఉంటుంది. దాని బొమ్మ 20,000 డాంగ్‌ల నోటు మీద ఉంది, పక్కన పెట్టి పోల్చి చూడండి.

ఆ నోటు విషయంలో జాగ్రత్త. 20,000 నోటూ నీలమే, 500,000 నోటూ నీలమే. కొబ్బరి బోండాలు అమ్మే ఒకావిడకు నేను తొందరలో పెద్ద నోటు ఇచ్చి నడిచి వచ్చేశాను. ఆవిడ అంగడి వదిలి, పిలుస్తూ వెంటపడి తిరిగి ఇచ్చింది. భాష రాక చేతులు జోడించాను. ఆవిడ మంచిది కాబట్టి సరిపోయింది, మీరు మాత్రం సున్నాలు లెక్కపెట్టి ఇవ్వండి. చివరి మూడు సున్నాలు తీసేసి మూడు, మూడున్నరతో హెచ్చవేస్తే ఇంచుమించు మన రూపాయలు వస్తాయి.

మూడో రోజు పొద్దున్నే సన్ ట్రా ద్వీపకల్పం. అక్కడ సముద్రం వైపు చూస్తూ 67 మీటర్ల తెల్లటి విగ్రహం ఉంది. బౌద్ధుల కరుణామూర్తి, మన అవలోకితేశ్వరుడే ఆ దేశాల్లో తల్లి రూపంలో వెలిశాడన్నమాట. ఆ అడవిలో మోకాళ్ల కింద ఎర్ర మేజోళ్లు తొడిగినట్టుండే అరుదైన కొండముచ్చులు ఉంటాయి. కనిపిస్తే మీ అదృష్టం, తిండి మాత్రం పెట్టకండి. తర్వాత పాలరాతి కొండలు. ఐదు కొండలకు లోహం, కట్టె, నీరు, నిప్పు, మట్టి అని పేర్లు. మన పంచభూతాల్లో ఏవి కలిశాయి, ఏవి కలవలేదు చూసుకోండి. నీటి కొండ ఒక్కటి ఎక్కితే చాలు. నాయనమ్మకు మోకాళ్ల నొప్పి, ఆవిణ్ణి లిఫ్టులో తీసుకెళ్లండి.

నాలుగో రోజు పొద్దున ‘మీ ఖే’ అనే బీచ్. సూర్యుడు మనకులాగే సముద్రంలోంచే లేస్తాడు. జెండాలు పాతిన చోటే నీళ్లలో దిగాలి, మీ నాన్న పక్కన ఉన్నప్పుడే.

నాయనమ్మ తిండి గురించి టెన్షన్ పడుతోంది. అక్కడ చాయ్ అంటే టీ కాదు, శాకాహారం. ఆ మాట రాసిన బోర్డు ఉన్న హోటల్‌కే ఆవిణ్ణి తీసుకెళ్లండి. మామూలు హోటళ్లలో కూరగాయల వంటకంలోనూ చేపల సాస్ పడుతుంది. రోడ్డు దాటేటప్పుడు స్కూటర్లు ఆగవు. పరిగెత్తకుండా, వెనక్కి తగ్గకుండా, ఒకే నడకలో మెల్లగా దాటితే వాళ్లే తప్పుకుని పోతారు.

వీసా ఆన్‌లైన్‌లో వస్తుంది, ఒక్కసారి వెళ్లి రావడానికి 25 డాలర్లు. వియత్నాం ప్రభుత్వ సైట్‌లోనే పెట్టాలి, అదే పోలికతో ఏజెంట్ల సైట్లు చాలా ఉన్నాయి. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అలాగే కొట్టండి. మీ ఇద్దరివీ పిల్లల పాస్‌పోర్టులు, ఐదేళ్లకే గడువు తీరుతుంది. వెళ్లే నాటికి ఇంకా ఆరు నెలలు మిగిలి ఉండాలి.

సాహితీ, నువ్వు ఆ గడువు తేదీలు చూడు. వరుణ్, నువ్వు మే నెల పున్నమి చూడు. రెండూ కాగితం మీద రాసుకుని ఆదివారం పొద్దున ఫోన్ చెయ్యండి, కొట్టేసిన వాటి మీద పోట్లాడాలంటే అప్పుడే పోట్లాడండి.

మీ తాతయ్య